ఎత్తు గోడ

6, మంగళవారం

పండగ ఇంక పదిహేడు రోజులు. ఈ ఏడు కూడా ముందుగదికి రంగు మేమే వేసుకుంటాం. ఎవరొచ్చినా, ఎవరు రాకపోయినా. ఈ మాట పొద్దున టీలు తాగుతున్నప్పుడు గట్టిగానే అన్నాను. నాన్న పేపరు దించలేదు. అమ్మ కప్పులో చక్కెర రెండోసారి వేసుకుంది. మా మేనత్త ఊరుకుంటుందా! "వేసుకుందాం లేవే. మరి ఎత్తు గోడ ఎవరు వేస్తారు?" అంది.

నాన్న పేపరులో పేజీ తిప్పాడు.

ఎత్తు గోడ తమ్ముడిది. మా ముందుగది కప్పు ఏటవాలుగా ఉంటుంది. తలుపు వైపు చెయ్యెత్తితే అందుతుంది, మెట్ల వైపు నిచ్చెన లేందే అందదు. తలుపు గోడ నాన్నది, కిటికీ గోడ అమ్మకీ అత్తకీ చెరిసగం, వంటింటి గోడ నాది, ఎత్తు గోడ వాడిది. మాకు బ్రష్షు పట్టడం వచ్చిన ఏడు నుంచీ ఇదే పద్ధతి. ఒకరి గోడ మీద ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. ఒక ఏడు నాకు జ్వరమొచ్చి పడుకుంటే నా గోడ అలాగే వదిలేశారు. ఊళ్ళో సగం ఇళ్ళకి రంగులేసే మా నాన్న ఇంట్లో ఒక గోడ పాత రంగుతోనే పండగ చేసుకుంది.

వాడు మా గుమ్మం తొక్కి పదకొండు నెలలైంది. నాన్న తొక్కొద్దన్నాడు, వాడు తొక్కలేదు. రెండు వీధుల అవతల మేడ మీద గది తీసుకుని పెళ్ళాంతో ఉంటున్నాడు. ఉండనీ. గోడ సంగతి నేను చూసుకుంటాను. నేనే ఎక్కుతాను.

ఈ పుస్తకం నేను పనిచేసే రంగుల షాపులో నంబర్లు రాసుకోమని ఇచ్చింది. మధ్యాహ్నం ఓనరు భోజనానికి వెళ్తే గంటసేపు రాజ్యం నాదే. డబ్బాల వెనక కూర్చుని రాసుకుంటాను. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి అబద్ధాలు రాయాల్సిన పని లేదు.

7, బుధవారం

నిచ్చెన పెరట్లో గోడకి ఆనించి ఉంది. అత్త దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తోంది.

9, శుక్రవారం

ఆ రోజు ఏం జరిగిందో ఒకసారి సరిగ్గా రాసి పెట్టుకోవాలి. ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతున్నారు.

ఆదివారం. ఒక పెద్దింట్లో మెట్ల హాలు పని. నాన్న, తమ్ముడు, షాపుకి సెలవు కాబట్టి సాయానికి నేను. నేల అంతా అద్దంలాంటి రాయి. అలాంటి నేల మీద నిచ్చెన వేస్తే కాళ్ళ కింద తడి గోనె మడిచి పెడతాం, జారకుండా. గోనె ఉంటే కిందనున్న మనిషి కాస్త పక్కకి వెళ్ళినా ఫరవాలేదు. లేకపోతే కదలకుండా పట్టుకోవాల్సిందే. నాన్న పైన ఉన్నాడు. తమ్ముడు కింద పట్టుకున్నాడు. ఫోనొచ్చింది. వదిలేసి వరండాలోకి వెళ్ళాడు. నిచ్చెన జారింది, నాన్న పడ్డాడు. ఆ మోకాలు మళ్ళీ వంగలేదు. ఇక వంగదని డాక్టరు చెప్పేశాడు.

అంతే. ఇందులో తిరకాసేముంది?

ఆస్పత్రిలో వాడిది ఒకటే మాట. "గోనె పెట్టాను నాన్నా. పొద్దున నా చేత్తోనే పెట్టాను." నిచ్చెన పడ్డచోట గోనె లేదు. ఆ ఇంటివాళ్ళు చూశారు. నాన్న పడిపోయి ఉండి కూడా చూశాడు. "తప్పు చేశావు, సరే. దాన్ని కప్పిపుచ్చుకోడానికి అబద్ధం కూడానా?" అన్నాడు. వాడు మళ్ళీ అదే మాట. నాన్న మొహం అటు తిప్పుకుని, "నా గుమ్మం తొక్కొద్దు" అన్నాడు.

ఫోనొస్తే నిచ్చెన వదిలేస్తారా ఎవరైనా? పైన తండ్రి ఉండగా? పట్టుకోమన్నవాడు పట్టుకోవాలి. నేను ఇప్పటికీ అదే అంటాను.

నన్నెవరూ ఏమీ అడగలేదు.

11, ఆదివారం

ముందుగది ఖాళీ చేశాం. కుర్చీలు, టీవీ, అత్త కుట్టుమిషను అన్నీ వరండాలోకి. నాన్న అక్కడే ఒక కుర్చీలో కాలు బారజాపి కూర్చుని పెత్తనం. "అలా కాదు, పైనుంచి కిందికి గీకు. పెచ్చులు ఊడతాయి." "ఆ పగులులో లప్పం పెట్టు. ఇంకా. ఇంకా పెట్టవే, ఏం, నీ సొత్తా?" పదకొండు నెలల్లో ఆయన గొంతు ఇంత గట్టిగా వినలేదు. అమ్మకి కూడా సంతోషంగానే ఉన్నట్టుంది, ఊరికే విసుక్కుంటోంది.

బీరువా జరిపితే వెనక అత్త కళ్ళజోడు దొరికింది. ఆరు నెలల కిందట నేనే పారేశానని నాతో వారం రోజులు మాట్లాడలేదు మహాతల్లి. ఇప్పుడు దుమ్ము ఊది, కొంగుతో తుడిచి పెట్టుకుని, "ఇక్కడ పెట్టింది నువ్వే అయ్యుంటావు" అంది.

"నీ కళ్ళజోడు నేనెందుకు పెట్టుకుంటాను?"

"పెట్టుకున్నావనలేదు, పెట్టావన్నాను."

నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను.

తర్వాత అమ్మ, "పెరట్లో గోనెలున్నాయి, తెచ్చి నేల మీద పరవ్వే" అంది. నేను ముందే షాపు నుంచి ప్లాస్టిక్ పట్టా తెచ్చి ఉంచాను. అది పరిచాను. నాన్న చూసి, "దాని మీద కాలు జారుతుంది. గోనెకేమొచ్చింది?" అన్నాడు.

"ఎప్పుడూ గోనె గోనె అని ప్రాణం తీస్తారేంటి? కాలం మారింది, ఇప్పుడందరూ ఇదే వాడుతున్నారు!" అన్నాను. అరిచాను. గీకుతున్న చేతులు ఆగిపోయాయి. అత్త ఆ దొరికిన కళ్ళజోడులోంచి నన్నే చూస్తోంది.

12, సోమవారం

గోనెలంటే నాకేం భయం? మా షాపు గోదాము నిండా గోనెలే.

13, మంగళవారం

రంగు ఎంచుకునే వంతు ఏడాదికొకరిది. నాలుగు గోడలకీ ఒకటే రంగు, ఎంచినవాళ్ళని తిట్టుకుంటూనైనా అందరూ వేయాలి. ఈ ఏడు తమ్ముడి వంతు. వాడు లేడు కదా, నేనే ఎంచేద్దామనుకున్నాను. లేత ఊదా మనసులో పెట్టుకున్నాను కూడా.

ఇవాళ మరదలు షాపుకొచ్చింది. ఎండలో నడిచొచ్చినట్టుంది, మొహమంతా చెమట. కౌంటరు మీద చిన్న కాగితం ముక్క పెట్టింది.

"వదినా, ఈ ఏడు వంతు ఆయనదట కదా. రాసిచ్చి పంపారు."

"గోడ వేయడానికి రానివాడికి రంగెందుకు?"

"నేనూ అదే అడిగాను. గోడ ఆపారు గానీ వంతు ఎవరూ ఆపలేదన్నారు."

కాగితం మీద నంబరొక్కటే ఉంది. వాడి రాత, ఏడు అంకెకి అడ్డగీతతో. నాకు రంగుల కార్డు తీయాల్సిన అవసరం లేకపోయింది. ఆ నంబరు నా చేత్తోనే కలిపాను, పదకొండు నెలల కిందట, ఆ మెట్ల హాలుకి. లేత నిమ్మరంగు. పసుపు పాళ్ళు ఎక్కువైతే కంట్లో పొడుస్తుందని నలుపు ఒక్క చుక్క వేశాను.

"మంచి రంగేనా వదినా?" అంది. ఆ పిల్లకి ఏమీ తెలియదు.

"రంగులు కలిపే మిషను పాడైంది. బాగయ్యాక చూస్తాను."

"మిషను లేకపోతే మా అక్క కళ్ళతో కలుపుతుంది, మిషను కంటే బాగా కుదురుతుంది అని చెప్పమన్నారు."

వెధవ. ముందే అనుకుని మరీ పంపాడు.

14, బుధవారం

మిషను బాగానే ఉంది.

వాడికి రంగు నచ్చి ఉంటుంది, అంతే. ఎవరికైనా నచ్చుతుంది. తెలిసుంటే పదకొండు నెలలు నోరు మూసుకుని ఉంటాడా? వాడా? చిన్నప్పుడు నేను వాడి పెన్సిలు తీసుకుంటే వీధి వీధంతా చెప్పొచ్చిన మనిషి.

15, గురువారం

అత్త పండక్కి కొత్త కర్టెన్లు కుడుతోంది. షాపుకి బయల్దేరుతుంటే గుడ్డ కొస పట్టుకోమంది. పట్టుకున్నాను. మిషను తొక్కుతూనే, తల ఎత్తకుండా, "ఆ రోజు సామాను బకెట్టు నేనే కడిగాను" అంది.

"ఏ రోజు?"

"నీకు తెలుసు ఏ రోజో. అడుగున గోనె ఉంది. నిమ్మరంగుతో అట్టలు కట్టింది. మనింట్లో రంగు ఒలికించేది నువ్వొక్కదానివే కదా. ఎంత ఉతికినా వదల్లేదు, తీసుకెళ్ళి దూరంగా పారేశాను. మీ నాన్నకి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు. చచ్చేదాకా చెప్పను. నీ పరువు నా దగ్గర భద్రంగా ఉంది. నువ్వు గోనె పేరెత్తితే అలా ఎగిరెగిరి పడకు, నువ్వే బయటపడతావు."

గుడ్డ కొస పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ దారం కొరికి, చాలు వెళ్ళమంది.

పొద్దుటి నుంచీ మూడు ఆర్డర్లు తప్పు కలిపాను. ఇప్పుడు రాస్తున్నాను. సరిగ్గా.

ఆ ఆదివారం టీ కోసం ఆగాం. నాన్న, తమ్ముడు వరండాలో ఉన్నారు. నేను లోపల డబ్బా మూత తీస్తుంటే చెయ్యి జారి రంగు నేల మీద పడింది. ఎంతో కాదు, పళ్ళెమంత. మా ఇంట్లో చుక్క కింద పడటం అంటే పెద్ద నేరం. తమ్ముడు పని నేర్చుకున్నాక వాడి బ్రష్షు నుంచి ఒక్క చుక్క జారలేదు, నాన్న అది చెప్పని చోటు లేదు. నాకు మాత్రం జారతాయి. "నువ్వు డబ్బాలు కలుపుకో తల్లీ, గోడల జోలికి రాకు" అని ఇద్దరూ ఆటపట్టిస్తారు. వాళ్ళు చూసేలోపు తుడిచేద్దామనుకున్నాను. చేతికి గుడ్డ దొరకలేదు. నిచ్చెన కాళ్ళ కింద గోనె ఉంది. ఖాళీ నిచ్చెనే కదా అని కాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి లాగాను. తుడిచాను. బకెట్లో పడేశాను. జాడించి మళ్ళీ పెడదామనుకునే లోపు ఇంటావిడ పిలిచింది, పడకగదికి ఏ రంగు బావుంటుందో చెప్పమని. వెళ్ళాను. ఏవో నాలుగు రంగులు చెప్పాను. నిచ్చెన పడ్డ శబ్దం అక్కడే విన్నాను.

వాళ్ళిద్దరూ పొద్దున పెట్టిన గోనె అక్కడే ఉందనుకున్నారు. ఎందుకనుకోరు?

ఇంతే. రాశాను. ఇదివరకు రాసింది కొట్టెయ్యను. అదీ నేనే రాశాను కదా, ఉండనీ.

కానీ ఒకటి. నన్ను కాపాడటానికి అత్త ఎవరు? నా పరువు ఆవిడ బీరువాలో మడతపెట్టి దాచుకుందట! నేను ఆవిడ ముందు జీవితాంతం నోరు మూసుకుని, ఆవిడ కళ్ళజోడు ఎక్కడున్నా నేనే పెట్టానని ఒప్పుకుంటూ బతకాలా? నా వల్ల కాదు.

16, శుక్రవారం

షాపు నుంచి త్వరగా వచ్చి నిచ్చెన ఎక్కి చూశాను. పెరట్లో, మెత్తటి మట్టి మీద. నాలుగు మెట్లు. ఐదో మెట్టు ఎక్కలేకపోయాను. దిగిపోయాను. తువ్వాళ్ళు అడ్డొచ్చాయని అమ్మతో చెప్పాను.

17, శనివారం

కలిపాను. మిషను మీద కాదు, కళ్ళతోనే. నలుపు ఒక్క చుక్క. ఆ మెట్ల హాలు గోడ పక్కన పెట్టినా తేడా కనిపించదు. పెద్ద డబ్బా నేనే మోసుకొచ్చాను. రేపు అందరం ఇంట్లో ఉంటాం. మూత రేపే తీస్తాను.

18, ఆదివారం

మధ్యాహ్నం. పెరట్లో కూర్చున్నాను. నన్నెవరూ పిలవడం లేదు.

పొద్దున అందరం పాత బట్టలు కట్టుకున్నాం. అమ్మ జుట్టుకి గుడ్డ చుట్టుకుంది. నాన్న తన గోడ కుర్చీలో కూర్చునే వేస్తానన్నాడు, అందినంత వరకూ. నేను మూత తీసి కర్రతో కలుపుతున్నాను. నాన్న తొంగి చూశాడు. ఆయనకి రంగు ఒక్కసారి చూస్తే చాలు.

"ఇది ఆ మెట్ల హాలు రంగు కదూ?"

"అవును."

"ఎవరు ఎంచారు?"

"తమ్ముడి వంతు. రాసి పంపాడు."

నాన్న మొహం నల్లబడింది. "నేను పడిన రంగు నా ఇంటికి పంపాడా? నన్ను కుంటివాణ్ణి చేసి, అబద్ధమాడి, ఇప్పుడు ఎగతాళి కూడా చేస్తున్నాడా? పారబొయ్యి దాన్ని. డబ్బాతో సహా కాలవలో పారబొయ్యి!"

అమ్మ ఏడుపు మొదలెట్టింది. అత్త నా దగ్గరికొచ్చి డబ్బా చెవి పట్టుకుని, "ఇలా ఇవ్వు, నేను పారేస్తాను, వేరే రంగు తెచ్చుకుందాం" అంది. లోగొంతులో, "పండగ పూట ఎందుకే" అని కూడా అంది.

నేను డబ్బా వదల్లేదు.

"వాడు అబద్ధం ఆడలేదు నాన్నా. గోనె పెట్టాడు. నేను తీశాను" అన్నాను.

అత్త, "దీనికి ఎండ తగిలినట్టుంది అన్నయ్యా" అంది. నిజంగా అలాగే అంది.

"ఎండ లేదు, ఏమీ లేదు. నేను రంగు ఒలకబోశాను. గోనెతో తుడిచాను. మళ్ళీ పెట్టలేదు. అత్తకి తెలుసు. గోనె ఉతికింది ఆవిడే."

అత్త డబ్బా చెవి వదిలేసింది.

నాన్న తిడతాడనుకున్నాను. చెయ్యి ఎత్తుతాడనుకున్నాను. తిట్టలేదు. పనివాణ్ణి అడిగినట్టు అడిగాడు. "నేనప్పుడు ఎక్కడున్నాను?" వరండాలో. "ఎంత పడింది?" పళ్ళెమంత. "నిచ్చెన కాళ్ళు రెండూ ఎత్తావా?" ఎత్తాను. "మళ్ళీ ఆనించి చూశావా?" చూడలేదు. "ఏ బకెట్లో వేశావు?" నీలం బకెట్లో. ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాను. ఇంక అడగడానికేమీ మిగల్లేదు. నాన్న తన మోకాలి వైపు చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత బ్రష్షు డబ్బాలో ముంచి, తలుపు గోడ మీద మొదటి గీత గీశాడు. నిమ్మరంగుతోనే.

అమ్మ మాత్రం వదల్లేదు. "పదకొండు నెలలు! రోజూ నా పక్కనే కూర్చుని తిన్నావు కదే. నేను వాణ్ణి తలుచుకుని కంచం ముందు ఏడుస్తుంటే నీళ్ళ గ్లాసు అందించావు. ఆ గ్లాసు అందిస్తూ కూడా నీకు చెప్పాలనిపించలేదా?"

అనిపించలేదు. నిజం అదే. అనిపించకుండా చూసుకున్నాను. అమ్మకి అదీ చెప్పాను.

19, సోమవారం

నా గోడ పూర్తయింది. బాగా కుదిరింది. ఎవరూ బాగుందనలేదు.

20, మంగళవారం

నాన్న మాట్లాడలేదు. అత్త మాట్లాడలేదు. అమ్మ మాట్లాడింది, "ఉప్పు అందుకో" అని.

అయినా సరే. మళ్ళీ చెప్పాల్సొస్తే మళ్ళీ చెబుతాను. ఈ రెండు రోజులు నాకు అన్నం సయిస్తోంది. సిగ్గు లేకపోతే లేదు, సయిస్తోంది.

మూడు గోడలు నిమ్మరంగు. ఎత్తు గోడ పాత రంగు. సున్నం కొట్టే మనిషినెవరినైనా పిలుద్దామని అత్త అమ్మతో అంటుంటే విన్నాను. అమ్మ, "ఆ మాట ఆయన చెవిన పడనీకు" అంది.

21, బుధవారం

ఇవాళ షాపుకి వెళ్ళలేదు.

పొద్దున పదింటికి నాన్న చేతికర్ర అడిగాడు. పడ్డాక ఆయన వీధి గుమ్మం దాటింది ఆస్పత్రి బండిలోనే. చెప్పులు వేసుకోడానికే పావుగంట పట్టింది. అమ్మ పట్టుకోబోతే విదిలించుకున్నాడు. "ఎవరూ వెనక రావద్దు" అన్నాడు, నన్ను చూస్తూ.

వెళ్ళాను. వెనక కాదు, అవతలి పక్కన. వీధికి రెండు పక్కలున్నాయి, ఒక పక్క ఆయనకి రాసివ్వలేదు కదా.

ఆ కాలు వంగదు కాబట్టి అడుగడుక్కీ బయటికి తిప్పి వేస్తాడు. మందుల షాపు దగ్గర ఆగాడు. చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగాడు. అతను లేచి తన పీట ఇవ్వబోతే వద్దన్నాడు. పది నిమిషాల దారికి ముప్పావుగంట పట్టింది. ఒకసారి తల తిప్పి సూటిగా నా వైపే చూశాడు. నేను తప్పుకోలేదు. ఆయన పొమ్మనలేదు.

తమ్ముడు ఉండేది మేడ మీద. మెట్లు నిటారుగా ఉన్నాయి. నాన్న మొదటి మెట్టు మీద కర్ర పెట్టాడు, తీశాడు. మళ్ళీ పెట్టాడు. ఎక్కలేకపోయాడు. పిలవొచ్చు కదా? పిలవలేదు. ఎండలో అలాగే నిలబడ్డాడు. నాకు అరవాలనిపించింది, నీ కొడుకు గది అదే నాన్నా, ఒక్క కేక వెయ్యి అని. ఆ కేక నేను వేయకూడదు కాబట్టి పళ్ళు బిగబట్టుకున్నాను.

మరదలు బట్టలు ఆరేయడానికి వచ్చి చూసింది. తర్వాత తమ్ముడు దిగాడు. చిక్కిపోయాడు. నాలుగు మెట్లు మిగిలుండగా ఆగిపోయాడు. నాన్న ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు, మధ్యలో లారీ వెళ్ళింది. లారీ వెళ్ళాక చూస్తే ఇద్దరూ కింద మెట్టు మీద కూర్చుని ఉన్నారు. కాలు వంగని మనిషి అంత కిందికి ఎలా కూర్చున్నాడో, వాడెలా కూర్చోబెట్టాడో. మాట్లాడుకుంటున్నట్టు లేరు. వాడు నాన్న చెప్పు తీసి మోకాలు కింద చెయ్యి పెట్టి నొక్కుతున్నాడు.

నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు. వాడు రాలేదు.

22, గురువారం

రేపు పండగ. అత్త కర్టెన్లు కట్టింది. మూడు గోడలకీ బ్రహ్మాండంగా కుదిరాయి. అమ్మ పొద్దుటి నుంచీ వంటింట్లోనే. ఆరు కంచాలు కడిగి బోర్లించింది. ఇంట్లో నలుగురం ఉన్నాం. నేను వాటి పక్కన ఆరు గ్లాసులు పెట్టాను.

అత్త మాత్రం ఇవాళ నాతో మాట్లాడింది. "నా పేరు కూడా లాగాలా? నువ్వు ఒక్కదానివే ఒప్పుకుంటే చాలదా?"

"చాలదు" అన్నాను.

కర్టెను మడత సరిచేస్తూ, "నా కళ్ళజోడు నేనే పెట్టుకుని మరిచిపోయానేమోలే" అంది. ఆవిడకి అది చాలా ఎక్కువ.

23, శుక్రవారం. పండగ

వచ్చాడు. ఇంకా ఎవరూ స్నానాలు కూడా చేయలేదు. తన బ్రష్షు తను తెచ్చుకున్నాడు, గుడ్డలో చుట్టి. మరదలు వెనకాల గిన్నె పట్టుకుని. అమ్మ పరిగెత్తుకొచ్చి వాడి మొహం రెండు చేతులతో పట్టుకుంది, పిండి చేతులే. నాన్న కుర్చీలోంచి, "రంగు కింద గట్టిపడి ఉంటుంది, బాగా కలుపు" అన్నాడు. అంతే అన్నాడు.

వాడు నాతో మాట్లాడలేదు. పెరట్లోకి వెళ్ళి, నిచ్చెన మీది తువ్వాళ్ళు తీసి అత్త భుజాన వేసి, దాన్ని లోపలికి తెచ్చాడు. నేను గోనె తడిపి, మడిచి, కాళ్ళ కింద పెట్టాను. నా చేత్తోనే పెట్టాను. పెట్టి పక్కకి జరగబోయాను.

"నిచ్చెన పట్టుకో."

"గోనె ఉంది కదరా."

"అయినా పట్టుకో."

పట్టుకున్నాను.

వాడు ఎక్కాడు. పైనుంచి మొదలెట్టాడు. ఇంత నెమ్మదిగా వాడు గోడ వేయడం నేనెప్పుడూ చూడలేదు. మామూలుగా రెండు గంటల పని. నా చేతులు తిమ్మిరెక్కాయి. అమ్మ టీ తెచ్చి నా నోటికి అందించబోతే, "వద్దమ్మా, అది కిందకి దిగాక తాగుతుంది" అన్నాడు. నేను అప్పటికి కిందే ఉన్నాను. మరదలు నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

అందరూ వంటింట్లో ఉన్నప్పుడు పైనుంచి అడిగాడు, "ఆ రంగు ఎందుకు రాసిచ్చానో తెలుసా?"

"తెలుసు."

"తెలిసే కలిపావా?"

"చుక్క తేడా లేకుండా."

బ్రష్షు ఆగింది. "బకెట్లో గోనె నేనూ చూశానక్కా. సామాను సర్దింది నేనే కదా. నువ్వు చెప్తావని చూశాను. ఒక నెల చూశాను, రెండు నెలలు చూశాను. తర్వాత చూడటం మానేశాను."

"నువ్వే చెప్పొచ్చు కదా."

"నా మాట నమ్మని ఇంట్లో నీ మీద చెప్పాలా?"

తప్పయిందని చెప్పాను. నిచ్చెన పట్టుకుని, తల పైకెత్తి, గట్టిగానే చెప్పాను, వంటింట్లోకి వినపడినా సరే అని. వాడు బ్రష్షు మళ్ళీ రంగులో ముంచాడు. క్షమించావా అని నేను అడగలేదు. అడిగితే ఇవాళ లేదనే అంటాడు. వాడి ఇష్టం. ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు. నేనెక్కడికీ పోవడం లేదు.

అప్పుడు నా నెత్తి మీద చల్లగా ఏదో పడింది. ఇంకోటి పడింది. మూడోది నుదుటి మీద పడి ముక్కు దాకా జారింది. చెయ్యి తీసి తుడుచుకోబోయాను.

"వదలకు" అన్నాడు.

వదల్లేదు.

ఇప్పుడు సాయంత్రం. ముందుగది నిండా చుట్టుపక్కలవాళ్ళు, కుర్చీలన్నీ ఎత్తు గోడకి దూరంగా జరిపాం, ఇంకా తడిగా ఉంది. నాన్న ఎవరితోనో చెబుతున్నాడు, "మావాడి చేతిలోంచి ఇన్నేళ్ళలో ఒక్క చుక్క కింద పడలేదండీ" అని. వాడు వింటూ నా జుట్టు వైపు చూశాడు. చూసి కంచంలోకి తల దించుకున్నాడు.

ఇంత పండగ పెట్టుకుని ఆ తలేంటే, వెళ్ళి కడుక్కో అని అమ్మ ఇప్పటికి నాలుగుసార్లు చెప్పింది. కడుక్కోను. రేపు చూద్దాం. ఎల్లుండేమో.